బిడ్డ పుట్టుకకు ఒక ఫ్రాక్టూర్ పత్రం: ఇంట్లోనే ఎలా రాసి, గీసి, రంగులు వేయాలి

పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ రైతు కుటుంబాలు బిడ్డ పుడితే ఊరి బడిపంతులు చేత ఒక పత్రం రాయించుకునేవి. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, గంట, ఊరు, బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు పేరు, సాక్షులుగా నిలబడ్డవాళ్ల పేర్లు అన్నీ అందులో ఉండేవి. చాలా పత్రాల్లో బిడ్డ పుట్టిన రాశి కూడా కనిపిస్తుంది. ఆ అక్షరాల చుట్టూ ఎర్రటి హార్ట్ ఆకారాలు, ట్యూలిప్ పూలు, ఎదురెదురుగా వాలిన పిట్టలు. ఈ పత్రాన్ని టౌఫ్‌షైన్ అంటారు. ఇలా అలంకరించిన రాత, బొమ్మల కళ మొత్తానికి ఫ్రాక్టూర్ అని పేరు. సుమారు 1740 నుంచి 1860 దాకా ఆ పల్లెల్లో ఇది బాగా సాగింది.

మీ ఇంట్లో పుట్టిన బిడ్డ కోసం అలాంటి పత్రాన్ని తెలుగులో ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను. బొమ్మలు వేయడం రాదని వెనకాడకండి. ఈ పత్రాలు గీసినవాళ్లలో ఎక్కువమంది బొమ్మల బళ్లో చదివినవాళ్లు కారు. బడిపంతుళ్లు, నేతగాళ్లు, ఊరూరా తిరుగుతూ రాసిపెట్టేవాళ్లు. ఇందులో అందమంతా రాతలో, కుదురులో ఉంటుంది. పువ్వు కాస్త వంకరపోయినా ఏం ఫర్వాలేదు. పేరు తప్పు పడితే మాత్రం పత్రమే పాడైనట్టు.

ముందు అసలువి చూడండి

కాగితం కొనే ముందు ఒక సాయంత్రం పాత పత్రాలు చూడటానికి కేటాయించండి. ఫిలడెల్ఫియా ఫ్రీ లైబ్రరీ దగ్గర వెయ్యికి పైగా ఫ్రాక్టూర్‌లు ఉన్నాయి, వాటి ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. అమెరికా తూర్పు తీరంలో ఉండే తెలుగువాళ్లయితే పెన్స్‌బర్గ్‌లోని ష్వెంక్‌ఫెల్డర్ లైబ్రరీకో, డెలవేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియానికో వెళ్లొచ్చు. లాంకస్టర్ కౌంటీలోని ఎఫ్రటా క్లాయిస్టర్ తప్పక చూడదగ్గ చోటు. 1732లో కాన్రాడ్ బైసెల్ స్థాపించిన ఆ ఆశ్రమంలో బ్రహ్మచర్యం పాటించే సోదరులు, సోదరీమణులు దీపపు వెలుగులో ఈ అక్షరాలు రాశారు. వాళ్లు 1750లో పూర్తిచేసిన అక్షరమాల పుస్తకంలో ఒక్కో పెద్దక్షరం లోపల చుక్కలు, తీగలు, చిన్న చిన్న మనుషుల బొమ్మలు కూడా ఉంటాయి.

చూసేటప్పుడు మూడు సంగతులు గమనించండి. ఒకటి, కాగితంలో ఎంత భాగం అక్షరాలకు పోయింది. రెండు, కుడి ఎడమలు ఎంత సమానంగా ఉన్నాయి. మూడు, ఎన్ని రంగులు వాడారు. సాధారణంగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లేదా నీలం, అంతే. నీడలు ఉండవు, లోతు ఉండదు. ఒక గీత, దాని లోపల ఒకే రంగు.

ఇంకో మాట. హార్ట్ అంటే ఇది, ట్యూలిప్ అంటే అది, పిట్ట అంటే అదృష్టం అని టూరిస్టు దుకాణాల్లో అర్థాల చీటీలు అమ్ముతారు. వాటిని పట్టించుకోకండి. గీసినవాళ్లు అలాంటి పట్టిక ఏదీ రాసిపెట్టి వెళ్లలేదు. మీకు నచ్చిన పువ్వు, నచ్చిన పిట్ట వేసుకోండి.

మాట కూర్చుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సిన పని ఇదే. రాతబల్ల ముందు కాకుండా ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని చేయాలి.

పాత టౌఫ్‌షైన్‌లో వాక్యం ఒక పద్ధతిలో నడుస్తుంది. ఫలానా భర్తకూ, ఫలానా ఇంటి ఆడపడుచు అయిన ఆయన భార్యకూ, అంటే ఈ దంపతులిద్దరికీ, ఫలానా సంవత్సరం, ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఫలానా రాశిలో, ఫలానా టౌన్‌షిప్‌లో, ఫలానా కౌంటీలో ఒక కొడుకు ఈ లోకంలోకి వచ్చాడు అని. తల్లి పుట్టింటి పేరు దాదాపు ప్రతి పత్రంలో ఉంటుంది. నాకు ఈ పత్రాల్లో అన్నిటికన్నా నచ్చేది అదే. తర్వాత బాప్తిస్మం ఇచ్చిన పాస్టరు, సాక్షులు. మిగిలిన చోట కీర్తనల్లోంచి ఒకటి రెండు చరణాలు.

ఆ వివరాల విలువ తర్వాత తరాల్లో బయటపడింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సైనికుల వితంతువులు పింఛను అడిగినప్పుడు పెళ్లికీ, పిల్లల పుట్టుకకూ రుజువు చూపాల్సి వచ్చింది. వాళ్లలో కొందరు జర్మన్ కుటుంబాలవాళ్లు ఇంట్లో దాచుకున్న ఈ పత్రాలనే దరఖాస్తుతో పాటు వాషింగ్టన్‌కు పంపారు. అవి తిరిగి ఇంటికి రాలేదు. ఇప్పుడు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో పింఛను ఫైళ్లతో పాటు ఉన్నాయి. పువ్వులూ పిట్టలూ ఉన్న కాగితం ప్రభుత్వం ముందు సాక్ష్యంగా నిలబడిందంటే, అందులో రాసిన ప్రతి పేరూ తేదీ సరిగా ఉండబట్టే.

కాబట్టి ఈ వివరాలు సేకరించండి: తండ్రి పూర్తి పేరు, తల్లి పూర్తి పేరు, ఆమె పుట్టింటి పేరు, బిడ్డ పుట్టిన తేదీ, వారం, గంట, నక్షత్రం, రాశి, ఊరు, మండలం, జిల్లా. విదేశంలో పుడితే అక్కడి ఊరు, కౌంటీ, రాష్ట్రం. బారసాల ఏ రోజు జరిగింది, పేరు ఎవరు పెట్టారు, ఆ వేళ దగ్గరున్న పెద్దలెవరు. మనకు నక్షత్రం, రాశి రాయడం అలవాటే కనుక ఈ పత్రం తెలుగింట్లో సులువుగా ఇమిడిపోతుంది.

క్రైస్తవ కుటుంబాలవాళ్లు బారసాల స్థానంలో బాప్తిస్మమే రాసుకోవచ్చు. గుంటూరు లూథరన్ల విషయంలో ఇది మరీ దగ్గరి సంబంధం. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి, చిన్నతనంలోనే ఫిలడెల్ఫియా చేరినవాడు. ఆయన్ని పంపింది పెన్సిల్వేనియా జర్మన్ లూథరన్ల సంఘమే. టౌఫ్‌షైన్‌లు రాయించుకున్న ఇళ్లలో ఎక్కువ భాగం ఆ లూథరన్, రిఫార్మ్‌డ్ చర్చీలవే. మెన్నొనైట్లు అనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్లు పెద్దయ్యాకే బాప్తిస్మం తీసుకుంటారు కనుక వాళ్లలో ఈ పత్రం వాడుక లేదు. వాళ్ల పంతుళ్లు పిల్లలకు చేతిరాత నమూనాలు, పుస్తకాల లోపల అతికించే పేరు చీటీలు గీసిచ్చేవారు. పెన్సిల్వేనియాలోని స్కిప్పాక్‌లో బడి నడిపిన క్రిస్టఫర్ డాక్ బాగా చదివిన పిల్లలకు తన చేత్తో గీసిన పువ్వునో పిట్టనో బహుమతిగా ఇచ్చేవాడు.

వివరాలన్నీ వచ్చాక వాక్యం ఇలా కూర్చుకోండి:

"…… గ్రామ వాస్తవ్యులు …… గారికి, …… వారి ఆడపడుచు అయిన ఆయన భార్య …… గారికి, …… సంవత్సరం …… నెల …… తేదీ …… వారం నాడు …… గంటలకు, …… నక్షత్రం …… రాశిలో, …… ఊళ్లో ఆడబిడ్డ పుట్టింది. …… అని పేరు పెట్టుకున్నాం."

ఇంతే చాలు. విశేషణాలు వద్దు. రాశాక ఇంట్లో ఇద్దరి చేత విడివిడిగా చదివించండి. ఇంటిపేర్లలో ఒత్తులు, దీర్ఘాలు పెద్దవాళ్లు ఎలా రాస్తారో అలాగే ఉంచండి.

సరంజామా

పాత పత్రాలు గుడ్డపీలికలతో చేసిన కాగితం మీద ఉండేవి. సైజు సుమారు 40 × 32 సెంటీమీటర్లు, అంటే మన ఏ3 షీటుకు దగ్గరగా. మీరూ ఏ3 తీసుకోండి. నూటికి నూరు శాతం కాటన్ కాగితం, 300 జీఎస్ఎం, నున్నటి రకం అడగండి. చేతితో చేసిన కాటన్ కాగితం చాలా బాగుంటుంది కానీ కొన్నిటి మీద ఇంకు పాకుతుంది. ఒక మూల గీత గీసి, అంచులు చెదరకుండా ఉంటేనే కొనండి.

రాతకు డిప్ పెన్ (ఇంకులో ముంచి రాసే కలం), బల్లపరుపు మొన ఉన్న రెండు నిబ్బులు: 1.5 మిల్లీమీటర్లది వాక్యానికి, 3 మిల్లీమీటర్లది బిడ్డ పేరుకు. బొమ్మల గీతలకు సన్న మొన నిబ్బు ఒకటి. నల్లటి, నీటికి చెదరని పిగ్మెంట్ ఇంకు కావాలి. ఆనాటి పంతుళ్లు ఈకతో, ఇనుము కలిసిన నల్ల ఇంకుతో రాసేవారు. అది కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, చిక్కగా పడినచోట కాగితాన్నే తినేసింది. రాగి నుంచి చేసిన ఆకుపచ్చ కూడా అంతే. కొన్ని పత్రాల్లో ఆకులు ఉండాల్సిన చోట చిల్లులు ఉంటాయి. అందుకని పాత పద్ధతి అనే మోజుతో ఆ ఇంకులు వాడొద్దు. స్కెచ్ పెన్నులు, జెల్ పెన్నులు అసలే వద్దు, వెలిసిపోతాయి.

రంగులకు గ్వాష్ (కింది కాగితం కనబడకుండా చిక్కగా పడే నీటిరంగు) గానీ మంచి వాటర్ కలర్స్ గానీ నాలుగు ట్యూబులు చాలు: ఎరుపు, ముదురు పసుపు, ఆకుపచ్చ, నీలం. ట్యూబు మీద వెలుగును తట్టుకునే రంగని రాసి ఉండాలి. రంగుల దుకాణంలో గమ్ అరబిక్ అని అమ్మే తుమ్మ జిగురు చిన్న సీసా తీసుకోండి. ఆ కాలంలో చెర్రీ చెట్టు జిగురు కలిపేవారు, అందుకే పాత పత్రాల్లో ఎరుపు కొంచెం మెరుస్తుంది.

ఇవి కాక పెన్సిలు, మెత్తటి రబ్బరు, పొడవాటి స్కేలు, ట్రేసింగ్ పేపరు, కొత్త బ్లేడు.

కాగితం మీద చోటు పంచుకోవడం

ఫ్రీడ్రిక్ క్రెబ్స్ అని ఒక బడిపంతులు ఉండేవాడు. స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడటానికి వచ్చిన జర్మన్ సైనికుడు, తర్వాత పెన్సిల్వేనియాలోనే ఉండిపోయాడు. ఆయన పత్రాల్లో మధ్యలో ఒక పెద్ద హార్ట్, కింద రెండు వైపులా రెండు చిన్న హార్ట్‌లు ఉంటాయి. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే మంచి అమరిక లేదు. వాక్యం మొత్తం పెద్దదాంట్లో, మిగతావి చిన్నవాటిలో పడతాయి.

కాగితం అడ్డంగా పెట్టి, నాలుగు వైపులా రెండున్నర సెంటీమీటర్ల అంచు వదలండి. నిలువుగా సరిగ్గా మధ్యలో సన్నటి పెన్సిలు గీత గీయండి. ఇక పని మొత్తం ఆ గీతకు రెండు వైపులా సమానంగా సాగాలి.

హార్ట్‌ను చేత్తో గీస్తే ఒక పక్క ఉబ్బుతుంది. ట్రేసింగ్ పేపరు మడిచి సగం మాత్రమే గీసి, కత్తిరించి విప్పండి. పెద్దది 20 సెంటీమీటర్ల వెడల్పు, 19 ఎత్తు. చిన్నవి 8 సెంటీమీటర్ల వెడల్పు. పెద్దదాన్ని మధ్య గీత మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పండి. కింద అది సన్నబడుతుంది కనుక చిన్నవాటికి రెండు మూలల్లో చోటు దొరుకుతుంది. పెద్ద హార్ట్ అంచుకు లోపల ఒక సెంటీమీటరు వదిలి ఇంకో గీత గీయండి. ఆ పట్టీలో తర్వాత రంగు వస్తుంది.

ఇప్పుడు వరుసల గీతలు. ఇక్కడ తెలుగుకు జర్మన్ లెక్క పనికిరాదు. మనకు అక్షరం పైన గుడి, కింద ఒత్తు. లక్ష్మి, కృష్ణ లాంటి పేర్లు వచ్చాయంటే కింది వరుసలోకి దిగిపోతాయి. 1.5 మిల్లీమీటర్ల నిబ్బుకు అక్షరం ఎత్తు 6 మిల్లీమీటర్లు అనుకుని, ఒక వరుస అడుగు నుంచి తర్వాతి వరుస అడుగుకు 13 మిల్లీమీటర్లు వదలండి. బిడ్డ పేరు వచ్చే వరుసకు 25 దాకా ఇవ్వండి.

పేరు ఎక్కడ ఉండాలి? హార్ట్ బాగా వెడల్పుగా ఉన్నచోట, అంటే పైనుంచి మూడో వంతు దగ్గర ఉంటే కంటికి ముందు అదే కనబడుతుంది. అలా రావాలంటే వాక్యం తిప్పి రాయాలి: పేరుతో మొదలుపెట్టి, "అనే ఈ బిడ్డ" అంటూ తల్లిదండ్రుల వైపు వెళ్లండి. కింది మొన దగ్గర సంవత్సరం ఒక్కటే అంకెల్లో వస్తే చాలా అందంగా ఉంటుంది. ఎడమ చిన్న హార్ట్‌లో బారసాల తేదీ, పెద్దల పేర్లు. కుడిదాంట్లో మీ ఇంట్లో పాడే జోలపాటలోంచి ఒక పాదం.

మామూలు కాగితం మీద ఇదే సైజులో ఒకసారి మొత్తం రాసి చూడండి. ఏ వరుసలో ఎన్ని అక్షరాలు పడుతున్నాయో తెలియకుండా అసలు కాగితం ముట్టుకోవద్దు. టెన్షన్ అంతా ఇక్కడే తీరిపోతుంది.

అక్షరం

జర్మన్ ఫ్రాక్టూర్ అక్షరంలో వంపు విరిగి కోణమవుతుంది. తెలుగు అక్షరాన్ని అలా విరగ్గొట్టకండి. వంపులు తీసేస్తే ప, వ, న, స ఒకదాని నుంచి ఒకటి విడిగా తెలియవు. నిబ్బును గీతకు 30 డిగ్రీల వాలులో పట్టుకుని, ఆ వాలు మార్చకుండా గుండ్రంగా రాయండి. లావు, సన్నం వాటంతటవే వస్తాయి. నిబ్బును పైకి తోయొద్దు, కాగితంలో గుచ్చుకుని ఇంకు చిమ్ముతుంది. గుండ్రటి అక్షరాన్ని రెండు దెబ్బల్లో రాయండి: ఎడమ వంపు పైనుంచి కిందికి, మళ్లీ పైకి వచ్చి కుడి వంపు పైనుంచి కిందికి. తలకట్టు చివర్లో పెట్టండి.

జర్మన్ల దగ్గర తీసుకోదగ్గది పెద్దక్షరం. బిడ్డ పేరులో మొదటి అక్షరాన్ని బోలుగా గీసి, మిగతా అక్షరాల కన్నా రెట్టింపు ఎత్తు ఉంచి, లోపల చుక్కలో, ఆకులో నింపండి. ఎఫ్రటావాళ్ల అక్షరమాలలో చూసింది ఇక్కడ పనికొస్తుంది.

అసలు కాగితం మీద రాసేటప్పుడు చేతి కింద ఒక తెల్ల కాగితం పెట్టుకోండి, అరచేతి చెమట అంటకుండా. ఒకసారి కూర్చుంటే లేవకుండా వాక్యం పూర్తిచేయాలి. మధ్యలో లేస్తే నిబ్బు పట్టు మారిపోతుంది. ఎక్కడైనా తప్పు పడితే పూర్తిగా ఆరనిచ్చి, బ్లేడు అంచుతో పైపైన గీకి, ఆ చోటును చెంచా వెనక భాగంతో రుద్ది నున్నగా చేసి మళ్లీ రాయండి. 300 జీఎస్ఎం కాగితం దానికి ఆగుతుంది. అక్షరం వదిలేస్తే పైన చిన్నగా చేర్చండి. పాత పత్రాల్లో అలా చేర్చినవి ఎన్నో ఉన్నాయి, వాటివల్ల అందం ఏమీ తగ్గలేదు.

పువ్వు, పిట్ట

రాత పూర్తిగా ఆరాక, మరుసటి రోజు బొమ్మలు మొదలుపెట్టండి. ఎడమ వైపు గీసిందాన్ని ట్రేసింగ్ పేపరు తిరగేసి కుడి వైపు ఎక్కించుకోవాలి.

ట్యూలిప్‌కు మధ్య రేక బాదం గింజ ఆకారంలో గీయండి. దానికి రెండు పక్కలా, అడుగున ఆనుకుని పైకి వెళ్లేకొద్దీ బయటికి వంగే రేకులు. కింద కాడ, కాడకు ఎదురెదురుగా పొడవాటి ఆకులు. పెద్ద హార్ట్ పైనున్న లోయలోంచి మూడు ట్యూలిప్‌లు లేచినట్టు వేస్తే పైభాగం నిండుతుంది.

పిట్టకు ముందు కోడిగుడ్డు ఆకారం కొంచెం వాల్చి గీసి, పైన తల, వెనక తోక. రెక్క మీద దువ్వెన పళ్లలా చిన్న గీతలు. డిస్టెల్‌ఫింక్ అనే చిన్న పిట్టనూ, చిలుకలనూ వాళ్లు ఎక్కువగా వేసేవారు. మీరు రామచిలుక వేసినా చక్కగా కుదురుతుంది. రెండు పిట్టలూ హార్ట్ వైపు చూడాలి. బయటికి చూస్తే చదివేవాళ్ల కన్ను కూడా కాగితం దాటి పోతుంది.

మిగిలిన ఖాళీల్లో చిన్న నక్షత్రాలు, మూడేసి చుక్కలు. అన్నీ నింపేయాలనే ఆత్రం వద్దు. అక్షరాల చుట్టూ కొంత తెల్లదనం ఉంటేనే పేరు తేలుతుంది. పెన్సిలు గీతల మీద సన్న నిబ్బుతో ఇంకు తిప్పి, ఆరాక రబ్బరుతో తుడవండి.

రంగు

రంగును పాల చిక్కదనానికి కలిపి, ఎరుపులో మాత్రం తుమ్మ జిగురు రెండు చుక్కలు వేయండి. లేత రంగుతో మొదలుపెట్టి ముదురుకు వెళ్లండి: పసుపు, ఆకుపచ్చ, నీలం, చివర ఎరుపు. ఒకటి ఆరాకే పక్కది. హార్ట్ పట్టీకి ఎరుపు, పువ్వులకు ఎరుపు పసుపు మార్చి మార్చి, ఆకులకు ఆకుపచ్చ, పిట్టలకు మీ ఇష్టం. అక్షరాలున్న చోట రంగు వేయకండి.

దాచుకోవడం

టౌఫ్‌షైన్‌లను గోడకు వేలాడదీయడం అరుదు. బైబిల్లో మడిచి పెట్టేవారు, చుట్టి భద్రపరిచేవారు, కొందరు పెట్టె మూత లోపల అతికించేవారు. వెలుగు తగలకపోవడం వల్లే 200 ఏళ్లు దాటినా కొన్నిటి రంగులు ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. 1834లో పెన్సిల్వేనియా ప్రభుత్వ బడుల చట్టం వచ్చాక ఇంగ్లీషు చదువు పెరిగి, ఊరి జర్మన్ పంతుళ్లు తగ్గిపోయారు. అచ్చు ఫారాల వాడకం పెరిగింది. 1897లో హెన్రీ మెర్సర్ ఈ కళ గురించి మొదటి అధ్యయనం రాసేనాటికి పాత పత్రాలు ఇళ్లలో పెట్టెల అడుగునే దొరికాయి.

మీరు గోడకు పెట్టాలనుకుంటే మంచి స్కానింగ్ తీయించి ఆ కాపీకి ఫ్రేము కట్టించండి. అసలుదాన్ని ఆమ్లం లేని కాగితం మధ్య పరిచి, గట్టి అట్ట ఫోల్డరులో బల్లపరుపుగా ఉంచండి. లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. మన ఊళ్లలో వానాకాలం తేమ, చెదలు, వెండిపురుగులు కాగితాన్ని ఇట్టే పట్టుకుంటాయి కనుక ఫోల్డరును గోడకు ఆనిన కింది అరలో పెట్టకుండా పైఅరలో పెట్టి, వర్షాలు తగ్గాక ఒకసారి తీసి చూస్తుండండి.

ఈ పత్రాల్లో కొన్నిటిలో తర్వాతి కాలంలో పెళ్లి, మరణం తేదీలు వేరే చేతిరాతతో చేర్చి ఉంటాయి. మీదాంట్లోనూ అందుకు కింది అంచులో రెండు వరుసలు ఖాళీగా ఉంచండి. కాగితం వెనక మెత్తటి పెన్సిలుతో రాసినవారి పేరు, తేదీ, వాడిన ఇంకు పేరు, నిబ్బు సైజు, రంగుల పేర్లు రాసిపెట్టండి. పాతికేళ్ల తర్వాత ఆ వరుసలు నింపేవాళ్లకు అదే ఇంకు, అదే నిబ్బు వెతుక్కోవడం తేలికవుతుంది.